పసుపు చుక్క

రొండా అన్నిటికన్నా ఎక్కువగా భయపడేది ఒక్కదానికే. తను ఎన్నడూ చూడని ఏదో ఊళ్ళో ఒక ముదురాకుపచ్చ కాలుమెట్ కారు మంచు రోడ్డు మీద జారి చెట్టును గుద్దుకుంటుంది. వెనక సీట్లో డ్రైవరు వెనకాల కూర్చోబెట్టిన బిడ్డను బెల్టు ఆపదు. ఆ బెల్టును కారు నేలకు పట్టి ఉంచాల్సిన బోల్టు రొండా చేతి మీదుగా పోయింది. దాన్ని ఆమె బిగించలేదు.

మంగళవారం పొద్దున తొమ్మిదింటి దాకా ఆమె భయాలు వేరు. మూడేళ్ళ కూతురు కేసీకి మళ్ళీ ఆయాసం వస్తుందేమోనన్నది ఒకటి. శుక్రవారంతో ఫ్యాక్టరీ మూతపడుతుందన్నది ఇంకొకటి. అది ఆమె ఒక్కదాని భయం కాదు, మిషిగన్‌లో హార్లన్ ఊరంతటిదీ. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆ ఊరు చేసింది ఒకటే కారు. హార్లన్‌లో పెళ్ళికూతుళ్ళు చర్చికి వెళ్ళింది కాలుమెట్‌లోనే, పోలీసులు తిరిగింది అందులోనే, పోయినవాళ్ళను చివరిసారి తీసుకెళ్ళిన నల్లబండి కూడా వెనకభాగం సాగదీసిన కాలుమెట్టే. ఇప్పుడంత పొడుగు కారు ఎవరికీ అక్కర్లేదట.

కార్లు ఒకదాని వెనక ఒకటి కదిలిపోయే లైను మీద ఒక్కో కారు ఆమె ముందు యాభై ఎనిమిది సెకన్లు ఉంటుంది. సీట్లు ఇంకా పెట్టని కారు గుల్లలోకి ఒక మోకాలు మోపి, నడుం దాకా వంగి, మూడు బోల్టులను వేళ్ళతో రెండేసి చుట్లు తిప్పి నిలబెడుతుంది. తర్వాత పైనుంచి వేలాడే గాలిగన్ను లాక్కుని ఒక్కొక్కదాన్నీ బిగిస్తుంది. బిగువు చాలగానే గన్ను మణికట్టును ఒక్క గుంజు గుంజి ఆగిపోతుంది. ఆ గుంజు తగిలాకే బోల్టు తల మీద పసుపు మార్కరుతో చుక్క పెట్టాలి. ముందు బిగువు, తర్వాత చుక్క. అవతల నిలబడి తనిఖీ చేసే మనిషి టార్చిలైటు వేసి చూసేది ఆ చుక్కనే.

ఆగస్టులో లైను వేగం పెంచారు. అప్పట్నుంచీ అందరూ చేస్తున్న పని ఒకటుంది, దాన్ని ఎవరూ నోటితో అనరు. పొద్దున్నే బోల్టుల పళ్ళెం ముందు పెట్టుకుని తలలన్నిటి మీదా ముందే చుక్కలు పెట్టేసుకుంటారు. కారుకు మూడు సెకన్లు మిగులుతాయి. మూడు సెకన్లంటే నడుం నిటారుగా చేసుకోవడానికి సరిపోయే కాలం. రొండా పెట్టేది చుక్క. రెండో షిఫ్టులో అదే చోట నిలబడే మనిషి పెట్టేది అడ్డగీత.

ఆ మంగళవారం వచ్చిన కారు నంబరు 417. ముందువైపు అతికించిన కాగితం మీద ఆ అంకెలు అరచేయంత ఉన్నాయి. ముదురాకుపచ్చ రంగు, బూడిదరంగు గుడ్డ సీట్లు, వెనక పిల్లల కుర్చీ కట్టుకునే కొక్కెం. కాగితాలు చదివి ఆ కారు ఏ ఇంటికి పోతుందో ఊహించుకోవడం రొండాకు అలవాటు. కొక్కెం అడిగారంటే ఆ ఇంట్లో చంటిబిడ్డ ఉన్నట్టే. ఎడమ బోల్టును రెండు చుట్లు తిప్పిందో లేదో ఫోర్‌మన్ డ్వైట్ వచ్చి ఆమె భుజం తట్టాడు.

“రొండా, మీ పక్కింటి ఐరీన్ ఫోన్ చేసింది. పిల్లకు ఊపిరాడ్డం లేదట, ఆస్పత్రికి తీసుకెళ్ళింది. నువ్వెళ్ళు. ఇక్కడ ఎవర్నో ఒకర్ని నేను నిలబెడతాలే.”

ఆమె చేతితొడుగులు ఎక్కడ పడేసిందో కూడా చూసుకోలేదు.

ఆస్పత్రిలో కేసీ ముఖానికి మాస్కు పెట్టి మందు ఆవిరి పట్టారు. పిల్ల డొక్కలు కొలిమితిత్తుల్లా లోపలికీ బయటికీ పోతున్నాయి. రొండా మంచం అంచున కూర్చుని ఒక్కో ఊపిరినీ తనే తీస్తున్నట్టు తీసింది. పదకొండు దాటాక డొక్కలు నెమ్మదించాయి. కేసీ తల్లి బొటనవేలు పట్టుకుని దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూ, మాస్కులోంచి “అమ్మా, రంగు” అంది.

గోటి అంచున పసుపుపచ్చ. రొండా ఆ రంగు వంక చూస్తూ ఉండిపోయింది. మణికట్టుకు గుంజు తగిలిన గుర్తు ఎంత వెతికినా దొరకలేదు. రెండు చుట్లు తిప్పింది. భుజం మీద చెయ్యి పడింది. అంతే. చుక్క మాత్రం పొద్దున ఆరింటికే పెట్టేసి ఉంది.

నర్సు వచ్చి, పిల్ల తేరుకుంటుంటే తల్లి ఇలా పాలిపోయిందేమిటని అడిగి, ఆమె చేతికి కూడా నారింజరసం ఇచ్చింది.

బుధవారం ఆమె అరగంట ముందే ఫ్యాక్టరీకి వచ్చింది. తన బండి దిగి వెనక తలుపు తీసి, కేసీ కుర్చీ కట్టి ఉండే సీటు కిందికి చెయ్యి పోనిచ్చింది. అదీ కాలుమెట్టే, ఆమెకు ఏడేళ్ళప్పటిది, నాన్న వాడి వాడి ఇచ్చింది. తుప్పు పట్టిన బోల్టు చల్లగా చేతికి తగిలింది. గట్టిగా తిప్పి చూసింది. కదల్లేదు. దాన్ని బిగించిందెవరో ఆమెకు తెలీదు. ఆ చెయ్యి ఎవరిదో గానీ కేసీని మూడేళ్ళుగా పట్టుకుని ఉంది.

డ్వైట్ తన బల్ల దగ్గర నిలబడి కాఫీ తాగుతున్నాడు. చెడ్డవాడు కాడు. ఆ లైను మీదే బోల్టులు బిగించి పైకి వచ్చినవాడు, ఆపరేషనయిన వీపుకు తోలుపట్టీ కట్టుకుని తిరుగుతాడు. తన చోట ఎవర్ని నిలబెట్టావని ఆమె అడిగింది. ఆ ఒక్కరోజుకే తీసుకున్న కొత్తపిల్లనట, నిన్నటితో ఆమె పని అయిపోయిందట, పేరు కూడా సరిగ్గా గుర్తులేదట. ఆ పిల్ల వచ్చి నిలబడేసరికి 417 దాటిపోయిందా అంటే, దాటే ఉంటుందన్నాడు. రొండా జరిగింది చెప్పింది.

“చుక్క ఉందా లేదా?” అన్నాడు డ్వైట్.

“ఉంది. ముందే పెట్టాను.”

“ఆ రెండో మాట నేను వినలేదు.”

“డ్వైట్, అది పిల్లలున్న ఇంటికి పోతోంది. ఒక్క కారు ఆపించు. నేనే పోయి బిగించి వస్తా.”

అతను కప్పు కింద పెట్టి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. ఒక్క కారు ఆపితే ఎందుకు ఆపావని అడుగుతారన్నాడు. ఎందుకో చెబితే ఆగస్టు నుంచి పోయినవన్నీ వెనక్కి రప్పించాలి, శుక్రవారం తర్వాత ఇక్కడ లైటు వేయడానికి కూడా మనిషి ఉండడు, ఎవరు రప్పిస్తారన్నాడు. కంపెనీకే ఉన్న ఒహాయో ఫ్యాక్టరీకి వెళ్ళేవాళ్ళ చిట్టాలో రొండా పేరు ఉంది. పదో తరగతి మధ్యలో మానేసిన మనిషికి, ఆయాసం పిల్లను పెట్టుకుని, అలాంటి పని ఇంకోచోట దొరకదని ఆమెకు అతను చెప్పక్కర్లేదు. అయినా చెప్పాడు.

“నీ పేరు నీ చేత్తోనే కొట్టేసుకోకు” అన్నాడు చివరికి. “తనిఖీ ముద్ర పడింది. అంటే బాగున్నట్టే.”

ఆ రోజంతా ఆమె పళ్ళెంలో బోల్టులకు ముందు చుక్కలు పెట్టలేదు. బిగించి, గుంజు తగిలాక, అప్పుడు పెట్టింది. మూడో గంటకల్లా వెనకబడి, కారుతోపాటు పక్కవాళ్ళ చోటులోకి నడవాల్సి వచ్చింది. పక్క మనిషి, ఆఖరి వారంలో నీకు బుద్ధిమంతురాలి బహుమతి ఎవరిస్తారమ్మా అని ఎత్తిపొడిచింది.

భోజనాల బల్ల దగ్గర పేకాట సాగుతోంది. అది ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆగని ఆట, చేతులు మాత్రం మారుతుంటాయి. ఓటిస్ గ్రాంబ్లింగ్ ముక్కలు కలుపుతున్నాడు. తయారైన కార్లను బయటి మైదానంలోకి నడిపి వరసల్లో నిలబెట్టడం ఆయన పని. మిసిసిపీ నుంచి పద్దెనిమిదేళ్ళప్పుడు వచ్చి ఈ కారుతోపాటే ముసలాడయ్యాడు. అందరూ తాతా అనే పిలుస్తారు. కారు వెనక రెక్కల్లాంటి తోకలు తీసేసిన ఏడు, వెండిపట్టీలు తగ్గించిన ఏడు, పెట్రోలు కరువొచ్చి పొడుగులో అడుగు కోసేసిన ఏడు, అన్నీ ఆయనకు పిల్లల పుట్టినరోజుల్లా గుర్తు.

ఎవరో అన్నారు, “తాతా, శుక్రవారం తర్వాత ఓ కారు డిక్కీలో కాపురం పెట్టెయ్. అద్దె లేదు.”

“అరవైఐదు మోడలయితే పెట్టేవాణ్ణిరా. అందులో మా ఆవిడా నేనూ, మా అత్తగారు కూడా పట్టేది. ఇప్పటిదాన్లో అత్తగారిని వదిలెయ్యాలి.”

“అయితే ఇప్పటిదే మంచి మోడలు” అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు.

రొండా నవ్వలేదు. తెచ్చుకున్న రొట్టెను విప్పకుండానే సంచిలో పెట్టుకుంది. ఓటిస్ ఆమె వంక ఒకసారి చూసి, ముక్కలు పంచడం ఆపలేదు గానీ, ఆట అయ్యాక ఆమె వెనకాలే వచ్చాడు. హాజరు కొట్టే గడియారం దగ్గర ఆమె చెప్పింది విని, తలమీది టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

“మంగళవారం పొద్దుటి ఆకుపచ్చలు ఇరవైరెండో వరసలో నిలబెట్టాను. రైలు శుక్రవారం మధ్యాహ్నానికి గానీ రాదు. రేపు భోజనం వేళ కోటు వేసుకుని రా, పిల్లా. పానా కూడా తెచ్చుకో.”

గురువారం చలికి ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టాయి. మైదానంలో ఆరువందల కార్లు మంచు కప్పుకుని నిలబడి ఉన్నాయి. ఏది ఏ రంగో తెలీదు, అన్నీ తెల్లటి దిబ్బలే. ఓటిస్ చీపురుతో ఒక్కో ముందు అద్దం మీద మంచు తోస్తూ నంబరు చదువుతూ నడిచాడు. రొండా కోటు లోపల పానాను పసిబిడ్డలా పొదువుకుని వెనకాలే నడిచింది.

“ఇదిగో” అన్నాడు.

417. తలుపు తెరిస్తే కొత్త గుడ్డ వాసన. ఆమె మోకాళ్ళ మీద ఎక్కి సీటు దిండు ముందంచును అరచేతుల్తో ఎత్తి పట్టింది. ఓటిస్ టార్చి వేశాడు. బోల్టు తల మీద పసుపు చుక్క ఉంది. దాని పక్కనే ఇంకో చుక్క ఉంది.

పానా వేసి తిప్పింది. కదల్లేదు. రెండు చేతులతో తిప్పింది. కదల్లేదు.

ఆమెకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ఆ ఒక్కరోజు వచ్చిన కొత్తపిల్ల 417 వెనకాల పరుగెత్తి ఉంటుంది. ముందే చుక్కలు పెట్టే సంగతి ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పకపోబట్టే, ఉన్న చుక్కను పట్టించుకోకుండా బిగించి, నేర్పినట్టే తన చుక్క తను పెట్టి వెళ్ళింది. రొండా సీటు మీద తల ఆనించి ఏడ్చింది. ఓటిస్ అటు తిరిగి అవసరం లేకపోయినా పక్క వరస కారు మీది మంచు తోశాడు.

“పద పిల్లా. చలికి చచ్చిపోతాం” అన్నాడు.

దిగి తలుపు వేసింది. ఇక వెళ్ళిపోవచ్చు. పానా చేతిలోనే ఉంది, పక్క కారు మంచు తోసే ఉంది. దాని తలుపు ఎందుకు తెరిచిందో ఆమెకే తెలీదు. పొయ్యి ఆర్పామని తెలిసీ మళ్ళీ వంటింట్లోకి తొంగిచూసే మనిషి ఆమె. సీటు ఎత్తింది. బోల్టు తల మీద అడ్డగీత. రెండో షిఫ్టుది. పానా వేయబోతే బోల్టు దాని బరువుకే తిరిగింది. వేళ్ళతో ఊడదీసింది. అరచేతిలో పెట్టుకుని టార్చి వెలుగులోకి చాపింది.

ఓటిస్ చీపురు గోడకు ఆనించినట్టు కారుకు ఆనించి, తర్వాతి కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు. భోజనం గంట ముగిసేలోపు పద్నాలుగు కార్లు చూశారు. ఇంకొకటి కూడా వదులే. దాని మీద ఉన్నది చుక్క, రొండాదే. ఏ రోజుదో, ఏం చేస్తూ మర్చిపోయిందో ఆమెకు జ్ఞాపకమే లేదు. ఆ కారు బిగించేటప్పుడు ఏ ఫోనూ రాలేదు, ఏ పిల్లకూ ఆయాసం రాలేదు. మామూలు రోజు అది.

ఆమె రెండు బోల్టులూ డ్వైట్ బల్ల మీద పెట్టింది, పద్నాలుగింటిలో రెండు అంది. కార్లలో కొత్తవి వేసి బిగించామంది. డ్వైట్ వాటిని తాకలేదు. ఒక కాగితం ఆమె వైపు జరిపి, అంతా రాయమన్నాడు, పైవాళ్ళకు తనే పంపిస్తానన్నాడు. ఆమె రాసింది. తప్పులు లేకుండా రాయడం ఆమెకు రాదు, అయినా ఆగస్టు నుంచి అని రాసింది, రెండు షిఫ్టులూ అని రాసింది, నేనూ అని రాసింది. కింద పేరు పెట్టింది. డ్వైట్ దాన్ని రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకోవడం చూసి, ఈ మనిషి పంపిస్తాడు అనుకుంది.

పంపించాడు కూడా.

శుక్రవారం పొద్దున పైవాళ్ళ దగ్గర్నుంచి టైపు చేసిన కాగితం వచ్చింది. రొండా స్కాగ్స్ అనే ఉద్యోగిని మంగళవారం ఒక కారులో బోల్టు బిగించకుండానే గుర్తు పెట్టినట్టు తనంతట తానే చెప్పిందని, సదరు 417 నంబరు కారును పరీక్షించగా బోల్టు సరిగ్గానే ఉందని, విషయం ముగిసిందని అందులో ఉంది. ఆగస్టు లేదు. రెండో షిఫ్టు లేదు. పద్నాలుగు లేదు, రెండు లేదు. కింద ఆమె సంతకానికి గీత గీసి ఉంది.

“ఇందులో ఉన్నదాన్లో అబద్ధం ఏముంది చెప్పు” అన్నాడు డ్వైట్. అతను రాత్రంతా నిద్రపోయినట్టు లేడు. “పెట్టెయ్ రొండా. పెడితే హెచ్చరికతో పోతుంది. ఒహాయో వెళ్తావు.”

“మిగతా కార్లు?”

అతను కిటికీ వంక చూశాడు. అక్కణ్ణుంచి మైదానం కనిపించదు.

“నీకు మనవలున్నారుగా” అందామె.

“ఉన్నారు. అందుకే” అన్నాడు.

ఆమె కాగితాన్ని తిప్పి బల్ల మీద బోర్లించి పెట్టి, లైనులోకి వెళ్ళింది. అరిచిందీ లేదు, చించిందీ లేదు. ఆ గీత మీద ఆమె పేరు లేదు, అంతే. ఒహాయో చిట్టాలో కూడా సాయంత్రానికి లేదు.

పదకొండింటికి ఆఖరి కాలుమెట్ వచ్చింది, తెల్లది. దాని రేకుల మీద లోపలివైపంతా జనం పేర్లు రాసుకున్నారు, చనిపోయిన భర్తల పేర్లు, మూతపడ్డ విభాగాల పేర్లు. లైను పక్కన నిలబడి చప్పట్లు కొడుతున్నారు, ఏడుస్తున్నారు, ఫోటోలు తీస్తున్నారు. రొండా అందులోకి వంగి మూడు బోల్టులు నిలబెట్టింది. గన్ను మూడుసార్లు మణికట్టును గుంజింది. అప్పుడు మూడు చుక్కలు పెట్టింది. ఆ కారు ఎవరూ నడపరు. ఎక్కడో హాలులో చుట్టూ తాడు కట్టి, జనం చూడ్డానికి నిలబెడతారట. దాన్లో ఏ బిడ్డా కూర్చోదు.

కేకు కోస్తుంటే ఆమె కోటు తీసుకుని మైదానంలోకి పోయింది. ఓటిస్ నిన్న మధ్యాహ్నం నుంచీ అక్కడే ఉన్నాడు. కార్లు నడుపుతున్న వంకతో ఒక్కొక్కదాన్లోకీ దూరి చూస్తున్నాడు. చేతివేళ్ళు చిట్లి రక్తం గడ్డకట్టింది. పింఛను చేతికి రావడానికి ఆయనకు నెల కూడా లేదు. నూటముప్ఫై చూశాడు. పదకొండు వదులువి దొరికాయి.

“నువ్వు అటు చివర్నుంచి రా” అన్నాడు.

ఆమె అటు చివరికి నడిచింది. తలుపు, మోకాలు, దిండు, టార్చి, పానా. తలుపు, మోకాలు, దిండు. ఇరవయ్యో కారు దగ్గర రైలు కూత వినిపించింది. ముప్ఫయ్యో కారు దగ్గర ఎక్కించేవాళ్ళు వచ్చి, ఏం చేస్తున్నావమ్మా దిగు, అన్నారు. ఆమె దిగలేదు. కాపలావాడు వచ్చి చేయి పట్టి, కొంచెం మర్యాదగానే, కంచె అవతల వదిలిపెట్టాడు. రెండంతస్తుల రైలుపెట్టెల్లోకి కార్లు ఒకదాని వెనక ఒకటి ఎక్కాయి. లోపలికి పోయేటప్పుడు ఒక్కోదాని మీదనుంచీ మంచు పలకలుగా జారిపడి రంగు బయటపడింది. చాలావరకు ఆకుపచ్చే.

ఓటిస్ కంచె అవతల నిలబడి పానాను కోటు చేతికి తుడిచి ఆమెకు తీగల్లోంచి అందించాడు.

“నేను ఇంకో నలభై ఎనిమిది చూశా” అన్నాడు. “అదన్నా చూశాం అనుకో.”

“నావి ముప్ఫై ఒకటే” అందామె.

ఐరీన్ ఇంటి ముందు రొండా దిగగానే కేసీ ఆవిరి ఊదుతూ పరుగెత్తుకొచ్చింది. రొండా ఆమెను డ్రైవరు వెనకాల కుర్చీలో కూర్చోబెట్టి, బెల్టు లాగి, బిగించి, మళ్ళీ లాగి చూసింది. అమ్మా నొప్పి, అంది పిల్ల. అయినా ఇంకోసారి లాగింది.

ఆ కార్లు ఏయే ఊళ్ళకు దిగాయో హార్లన్‌లో ఎవరికీ తెలీదు. ఇప్పుడవి పాతబడి చేతులు మారి ఉంటాయి. మీ వీధిలో పొడుగాటి ముదురాకుపచ్చ కాలుమెట్ ఒకటి నిలబడి ఉంటే, దాని వెనక సీటు కింద, డ్రైవరు వైపు, చెయ్యి పెట్టి చూడండి. చుక్క ఉన్నా సరే, గీత ఉన్నా సరే, నమ్మకండి, తిప్పి చూడండి. అంతకన్నా ముందు ఆ ఇంటి తలుపు తట్టి, అక్కడ రోజూ కూర్చునే బిడ్డ ఎలా ఉందో ఒక్కసారి కనుక్కోండి.